ఊది తొడుక్కో

ఎర్ర రబ్బరు గ్లౌజు అంచును రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి గిర్రున తిప్పారు మాస్టారు. లోపల చిక్కిన గాలి బయటికి పోకుండా అంచును గట్టిగా చుట్టుకుంటూ వచ్చారు. ఐదు వేళ్ళూ ఉబ్బి నిక్కబొడుచుకున్నాయి. దాన్ని కుడి చెంపకు దగ్గరగా పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చిటికెనవేలు మొదట్లోంచి సన్నగా, చల్లగా గాలి తగిలింది. కళ్ళు తెరిచి ఆ జతను బల్ల కింది పెట్టెలో పడేశారు. పొద్దున్న ఏడున్నర నుంచి ఊదినవి ఎనిమిది జతలు. పనికిరానిది ఇది రెండోది.

స్టోరు కిటికీ ఎనిమిదింటికి తెరవాలి. అరగంట ముందే వచ్చి, కరెంటు పనివాళ్ళ గ్లౌజులు ఒక్కొక్కటీ ఇలా చూసి పెట్టడం ఆయనకు ఇరవై ఆరేళ్ళుగా అలవాటు. ఏ కాగితంలోనూ ఈ పనికి పేరు లేదు. నోటితో ఊదేదేమీ లేకపోయినా ఫ్యాక్టరీలో అందరూ దీన్ని ఊదడమే అంటారు, ఆయన్ని బుడగల మాస్టారంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో. పొట్టి మనిషి, ముందుకు వంగిన భుజాలు, జేబులో రెండు పెన్నులు. ఎడమ చెంప మీద రెండు రోజుల నెరిసిన గడ్డం ఉన్నా, కుడి చెంప మాత్రం రోజూ నున్నగా గీసుకుంటారు. వెంట్రుక అడ్డముంటే సన్నగాలి తెలియదు. "మా ఇంటాయన సగం మొహమే డ్యూటీకి వెళ్తుంది," అని భార్య నవ్వుతుంది.

ఊదడం అయ్యాక మంచి జతలను దుమ్ము పడకుండా మళ్ళీ వాటి కవర్లలోనే పెట్టి, మూత అంటించి, అరలో సర్దుతారు. వాటి మీద ఏ గుర్తూ వేయరు. ఆయన చేతి మీదుగా రావడమే గుర్తు. పనివాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను ఇస్తే గోడమీది మేకుకు తగిలించి, జత అందించి, "ఊది తొడుక్కో," అంటారు. ఎప్పుడో మొదటి రోజుల్లో అది నిజంగానే హెచ్చరిక. మాస్టారు ఊదనిది ఇవ్వరని తెలిశాక ఎవరూ ఊదడం లేదు. ఆ మాట వెళ్ళొస్తానంటే మంచిదన్నట్టుగా మిగిలిపోయింది. వాళ్ళూ వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఊపి వెళ్తారు.

పాత కంపెనీ గ్లౌజుల్లో ఏడాదికి ఒకటి చెడ్డది దొరికితే గొప్ప. నాలుగు నెలల కింద కొనుగోళ్ళ విభాగం గీసిగీసి బేరమాడి కొత్త సరుకు తెచ్చింది. అదే ఎరుపు, అదే పొడవు. డజనుకు మూడు చిల్లులు. మాస్టారు మూడుసార్లు పైకి రాశారు, మూడు ఉత్తరాలకూ జవాబు లేదు. నోటీసు బోర్డు మీద మాత్రం ఈ ఏడాది పొదుపులో మొదటి బహుమతి కొనుగోళ్ళ విభాగానిదేనని పెద్దక్షరాలతో రాసి, ఫోటో కూడా అంటించారు. అందరూ పళ్ళికిలిస్తూ నిలబడ్డారు. ఆ ఫోటోలోవాళ్ళలో ఒక్కడైనా ఆ గ్లౌజు ఒక్కసారి చేతికి తొడిగి చూసి ఉంటే ఒట్టు.

మధ్యాహ్నం స్టోరు వెనక మెట్ల మీద మాస్టారూ, ఆయన బావమరిదీ అన్నం డబ్బాలు విప్పారు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, అదే ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. నలభై దాటినా బూటు లేసు సరిగా కట్టుకోడు. రెండు డబ్బాలూ అక్కే సర్ది పంపుతుంది.

"ఇంక మూణ్ణెల్లేగా బావా. రిటైరయ్యాక ఏం చేస్తారు?"

"కంటినిండా పడుకుంటా."

"అదేం కుదరదు. పిల్లల పుట్టినరోజులకి బుడగలూదబడునని బోర్డు పెడదాం. మీరు ఊదండి, నేను ముడులేస్తా."

"ముందు ఆ బూటు లేసు ముడెయ్యి. తట్టుకుని పడి నా పరువు తీసేలా ఉన్నావు."

బావమరిది పెద్దగా నవ్వి, లేసును ఇంకాస్త వదులుగా లాగాడు. కాసేపటికి మాస్టారే అన్నారు. "చెడ్డవి మరీ ఎక్కువ పడుతున్నాయిరా. ఇవాళ ఎనిమిది జతల్లో రెండు."

"మీరున్నారుగా," అన్నాడతను డబ్బా మూత బిగిస్తూ. "కరెంటు ప్యానెల్ దగ్గర ఒక్కొక్కడికి చేతులు వణుకుతాయి. నాకు వణకవు. ఎందుకనుకున్నారు మరి?"

రెండింటికి కొనుగోళ్ళ అధికారి స్వయంగా స్టోరుకు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. తీర్చి కత్తిరించిన గడ్డం, చేతిలో ఫైలు. బల్ల కింది పెట్టెను బూటు కొనతో బయటికి లాగాడు.

"ఏంటి మాస్టారూ ఇదంతా?"

"చిల్లులున్నవి సార్."

"అవన్నీ మీరు విప్పేశారు. విప్పిన ప్యాకెట్ వాడు వెనక్కి తీసుకోడు. కాంట్రాక్టులో ఉంది."

"విప్పకుండా చిల్లెలా తెలుస్తుంది సార్?"

"కవరు మీద పరీక్షించినట్టు ముద్ర ఉందిగా!"

"ముద్ర పైనుంది సార్. చిల్లు లోపలుంది."

అధికారి నవ్వలేదు. ఫైల్లోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఇకపై గ్లౌజులు సీలు తీయకుండానే ఇవ్వాలి, మీరితే క్రమశిక్షణ చర్య. విప్పితే తీసుకోరు, విప్పకపోతే తెలియదు. చిల్లు గ్లౌజును సాగనంపడానికి చదువుకున్నవాళ్ళు కూర్చుని ఇంత చక్కటి దారి కనిపెట్టారు. "మూణ్ణెల్లలో రిటైర్మెంటు. ఫైల్లో మచ్చెందుకు మాస్టారూ?" అన్నాడు అధికారి, పెద్దవాళ్ళ మేలుకోరేవాడి గొంతుతో.

మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క మెమో లేదు. సంతకం పెట్టారు. అధికారి అంతటితో పోలేదు. ఉదయం ఊది పెట్టిన ఆరు జతల కవర్ల మీద మూత మడత చూసి, అవీ విప్పినవేనని పక్కన పెట్టించాడు. కొత్త పెట్టె తెరిపించి, ఆయన వెనకే కుర్చీ వేసుకుని సరుకు లెక్క చూడసాగాడు.

మూడు గంటలకు బావమరిది పరుగున వచ్చాడు. పంపుహౌసులో ప్యానెల్ మొరాయించింది. లైను మొత్తం ఆపితే ఉత్పత్తి ఆగుతుంది కాబట్టి కరెంటుండగానే చూడమన్నారు. కిటికీలోంచి నలభై ఒకటో నంబరు బిళ్ళ తోశాడు.

"తొందరగా బావా, సూపర్‌వైజరు నెత్తినెక్కి కూర్చున్నాడు."

మాస్టారు కొత్త పెట్టెలోంచి సీలున్న ప్యాకెట్ తీశారు. వెనక కుర్చీ కిర్రుమంది. నేను చూడలేదురా, ఇది చూడకుండా ఇస్తున్నానని చెప్పాలి. నాలుగు మాటలు. ప్యాకెట్ అందించి, బావమరిది వేళ్ళు ఒక్క క్షణం వదలకుండా పట్టుకున్నారు.

"ఊది తొడుక్కో," అన్నారు.

"అలాగే బావా," అని అతను నవ్వుతూ పరుగెత్తాడు.

"ఒరేయ్, ఊది తొడుక్కో!" ఈసారి గట్టిగానే అరిచారు.

అతను వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఊపాడు. ఊడిన లేసు కాలి వెంట నేల మీద పాకుతూ పోయింది. మాస్టారు కిటికీ పక్క తలుపు దాకా వెళ్ళారు. "ఎక్కడికి మాస్టారూ? ఈ లెక్క తేలనీండి," అన్నాడు అధికారి. ఆయన ఆగిపోయారు. ఆగినందుకు తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయారు.

మూడుంబావుకు నెత్తిమీది ఫ్యాను నెమ్మదించి ఆగింది. అయిదు నిమిషాలకు మళ్ళీ తిరిగింది. కాసేపటికి గేటు కాపలాదారు కిటికీ దగ్గరికొచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అతను నోరు తెరవకముందే మాస్టారికి అర్థమైంది.

ఫ్యాక్టరీ వైద్యశాలలో మంచం మీద బావమరిది నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కుడి అరచేతిలో చిటికెనవేలు మొదట్లో గోరంత నల్లమచ్చ. అంతే. మాస్టారు మంచం చివర కూర్చుని, వేలాడుతున్న బూటు లేసును రెండు ముడులేసి కట్టారు. ఇంటికి కబురు తానే తీసుకెళ్ళాలి. రెండు డబ్బాలూ పట్టుకుని వెళ్తే అక్క తలుపు దగ్గరే తమ్ముడేడని అడుగుతుంది.

స్టోరుకు తాళం వేయడానికొస్తే అక్కడ అధికారి ఎదురుచూస్తున్నాడు. బల్ల మీద ఆ జత ఉంది.

"చాలా బాధగా ఉంది మాస్టారూ. ఒక్క చిన్న పని. ఇది పాత సరుకులోదని స్టోరు పుస్తకంలో రాసేయండి. అందరికీ మంచిది. మీక్కూడా."

మాస్టారు కుడి గ్లౌజు తీసుకున్నారు. అంచు పట్టుకుని గిర్రున తిప్పారు, చుట్టారు. వేళ్ళు ఉబ్బాయి. అధికారి చెంపకు దగ్గరగా పెట్టారు.

"తెలుస్తోందా సార్?"

"ఏంటిది, మాస్టారూ..."

"తెలీదులెండి. గడ్డం అడ్డం."

గ్లౌజును అతని కంటి దగ్గరికి జరిపి నొక్కారు. అధికారి రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. కన్ను తుడుచుకుంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మా వాడి ప్రాణం ఇందాక ఇక్కణ్ణుంచే పోయింది," అన్నారు మాస్టారు. ఆయన గొంతు అంత పెద్దదని స్టోరులో ఎవరికీ తెలియదు. కిటికీ బయట డ్యూటీ దిగి బిళ్ళల కోసం నిలబడిన వరసంతా ఇటు తిరిగింది. "మీరు కొన్నారు. నేనిచ్చాను. ఇద్దరం కలిసి చంపాం సార్. నా వాటా నేను రాస్తాను, మీ వాటా కూడా రాస్తాను."

పుస్తకం తెరిచి, వణకని చేత్తో రాశారు. కొత్త సరుకు. అధికారి ఉత్తర్వు ప్రకారం సీలు తీయలేదు. ఊదకుండా నేనే ఇచ్చాను. కింద తన పూర్తి పేరు రాసి, పుస్తకాన్ని కిటికీలోంచి వరసలో మొదటివాడి చేతికిచ్చి బిగ్గరగా చదవమన్నారు. అతను చదివి వెనకవాడికి అందించాడు.

ఒక్కొక్కరూ పనిముట్లు తిరిగిచ్చి తమ బిళ్ళలు తీసుకున్నారు. చివరివాడు వెళ్ళాక మాస్టారు తాళాలు బల్ల మీద పెట్టి, రెండు డబ్బాలు చేతిలోకి తీసుకుని, అధికారి వైపు చూడకుండా బయటికి నడిచారు.

ఖాళీ మేకుల మధ్య నలభై ఒకటో నంబరు ఇత్తడి బిళ్ళ ఒక్కటే, ఫ్యాను గాలికి గోడను తాకుతూ వేలాడుతోంది.