ఒక్క గరిటె బాతు కొవ్వు

పొద్దున్నే కట్టు విప్పితే సౌలాన్ పొట్ట మీది కోత అంచులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఒళ్ళు పెనంలా కాలుతోంది. అపెండిక్స్ కోసి అది తొమ్మిదో రోజు.

"ఏం తిన్నావే? రొయ్య ముక్క గానీ తగిలిందా?" తల్లి యింగ్ నిలదీసింది.

"నీ కొరమీను నీళ్ళు తప్ప ఏముందమ్మా ఈ ఇంట్లో? ఇంకో వారం తాగితే మొప్పలు మొలుస్తాయి."

యింగ్ లెక్కలో కోత మానాలంటే కొరమీను చారు. పుండును రేపేవి కోడిపుంజు, రొయ్య, వెదురు మొలకలు. అన్నిటికంటే చెడ్డది పెద్దబాతు. కూతురి పథ్యం కోసం దిగిన యింగ్‌కు ఇల్లే శత్రువైంది. అల్లుడు హింగ్ బతుకుతున్నదే వీధివైపు కొట్టులో బాతులు కాల్చి అమ్మి. పొగ లోపలికి రాకుండా ఆవిడ గుమ్మానికి తడిగుడ్డ కట్టింది.

"అల్లుడూ, నీ బాతు గడప దాటిందా?"

హింగ్ గుమ్మానికున్న తడిగుడ్డ ముడి బిగించాడు. నిన్న మధ్యాహ్నం అత్త చేపల కోసం బజారుకెళ్ళింది. సౌలాన్ గంజి ముట్టలేదు. చూడలేక ఒక్క గరిటె బాతు కొవ్వు కలిపాడు. గిన్నె అడుగు దాకా గీక్కుని తింది. ఎంత సంతోషపడ్డాడు, వెధవ!

"లేదత్తయ్యా."

"అయితే ఇది కత్తి పట్టినవాళ్ళ తప్పు. పథ్యంలో నేను లోపం చెయ్యలేదు. బండి పిలు, ఆసుపత్రికి పోదాం."

దాటిందని చెబితే ఏం చేస్తుందో హింగ్‌కు తెలుసు. పెసలు, చేమంతి పూలు మరిగించి మూడు రోజులు తాగిస్తుంది, కాలు బయట పెట్టనివ్వదు. ఆవిడ నాన్న కాలిపుండు అలాగే మానింది. ఇది బాతు చేసిన పనే. అందులో అతనికి అనుమానమే లేదు. పెసలనీళ్ళతో మానేదానికి తన అబద్ధం వల్ల పెళ్ళాన్ని తప్పు గుమ్మానికి మోసుకుపోతున్నాడు.

టాక్సీలో ఇక ఆగలేకపోయాడు. "అత్తయ్యా, నిన్న..."

పక్కనుంచి సౌలాన్ అతని మణికట్టు పట్టేసింది. నిప్పులాంటి చెయ్యి.

"నోరుముయ్. చెప్పావంటే బండి వెనక్కి తిప్పిస్తుంది. ఆ పెసలనీళ్ళు తాగుతూ చావనా?"

"మరి ఆ కొవ్వు..."

"నిన్న కడుపు నిండింది. నాకు తెలిసింది అంతే."

"ఏంటా గుసగుసలు?" ముందు సీటులోంచి అత్త.

"దాహమంటోంది అత్తయ్యా."

ఆసుపత్రిలో సౌలాన్‌ను తెర వెనక్కి తీసుకుపోయారు. మూలుగు వినిపించింది. తర్వాత అదీ లేదు. బల్ల మీద పక్కన కూర్చున్న యింగ్ హింగ్ భుజం తట్టింది.

"బాతులోడికి పిల్లనిచ్చానని ఊరు నవ్వింది. ఈ తొమ్మిది రోజులూ బాతును గడప దాటనివ్వకుండా నా మాట నిలబెట్టావురా అబ్బీ."

చెప్పుతో కొట్టినా బాగుండేది.

డాక్టరు చాలాసేపటికి బయటికొచ్చాడు. "లోపలి కుట్టు దగ్గర చీము పట్టింది, తీసేశాం. ఇంకో రోజు ఆగుంటే రక్తంలోకి పాకేది."

హింగ్ ఆయన వెనకే వరండా చివరిదాకా నడిచాడు. "అయ్యా, బాతు కొవ్వు తింటే ఇట్లా అవుద్దా?"

"కొవ్వు కడుపులోకి పోతుందయ్యా, కుట్టులోకి కాదు."

తలూపాడు. ప్రతి మాటా అర్థమైంది. ఒక్కటీ లోపలికి దిగలేదు.

సాయంత్రానికి జ్వరం తగ్గింది. యింగ్ మంచం పక్క నిలబడి నర్సుకు పథ్యం పాఠం చెబుతోంది. "కోడి వద్దు, రొయ్య వద్దు. బాతయితే పేరు కూడా ఎత్తొద్దు."

సౌలాన్ మొగుడివైపు చూసింది.

"అవునమ్మా, బాతు మాత్రం వద్దు," అన్నాడు హింగ్ నర్సుతో.