బొమ్మలు లేని పేజీలు

తారానగర్ దగ్గర గనిలో లారీల తూకం వేసేచోట పదేళ్లు కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసిన సిద్దేశ్‌కు ముప్పై ఆరో ఏట చూపు పూర్తిగా పోయింది. అక్క సవిత కురుగోడులోని తన ఇంటికి తీసుకొచ్చుకుంది. అతను వెంట తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం ఉంది గానీ, ఏ వెబ్‌సైటు తెరిచినా బొమ్మలూ ప్రకటనలూ మీద పడి అది బిగుసుకుపోయేది.

అందుకని అక్షరాలు తప్ప మరేమీ చూపని బ్రౌజర్ ఒకటి ఎక్కించుకున్నాడు. గోఫర్, జెమిని అని మామూలు వెబ్‌కు పక్కగా బతికే చిన్న దారులున్నాయి. వాటిలో పేజీ అంటే ఉత్త రాతే. జెమిని అడ్రసు వస్తే ఏ ప్రోగ్రాంకు అప్పజెప్పాలో సెట్టింగుల ఫైలులో రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఎక్కడో చుక్క తప్పేది. లైను మొత్తం మళ్లీ మళ్లీ వినాలి. చివరికి పేజీ తెరుచుకుంది గానీ, కంప్యూటర్ గొంతు "ప్రశ్నార్థకం, ప్రశ్నార్థకం" అంటూ పోయింది. తెలుగు అక్షరాల కోడు పెట్టలేదని అప్పుడు తట్టింది. ఆ లైనూ చేర్చాడు.

ఈసారి ఎవరో తమ మిద్దె మీద పెంచిన వంకాయల గురించి రాసుకున్నది గడగడా వినిపించింది.

"అక్కా, ఇట్ల రా! వింటాండావా? నాకు నేనే చదువుకుంటాండా."

సవిత మిరపకాయల తొడిమలు తీస్తూ కాసేపు వింది. "బాగుండాదిరా. నీ కార్డు అర్జీ గూడా దీంట్లోనే వేయొచ్చా?"

బళ్లారిలో ఒక కంపెనీ అతన్ని ఫోన్లకు జవాబిచ్చే పనిలో పెట్టుకుంటానంది. చూపు తగ్గుతున్నప్పుడు తీసుకున్న వికలాంగుల కార్డు గడువు తీరిపోయింది. నెలాఖరులోగా కొత్తది చూపిస్తేనే పని. అర్జీ ఆన్‌లైన్‌లోనే పెట్టాలి.

సిద్దేశ్ ఆ సైటు అడ్రసు కొట్టాడు. "ఈ పేజీ మీ బ్రౌజర్‌లో పనిచేయదు" అని ఒక్క వాక్యం వినిపించింది. మామూలు బ్రౌజర్‌లో పెడితే అరగంటకు తెరుచుకుని, బొమ్మలోని అక్షరాలు చూసి కొట్టమంది. ఏ అక్షరాలో గొంతు చెప్పలేదు.

"ఏముండాదో చూసి చెప్పక్కా."

"ఇంగ్లీషు నాకు యాడొస్తాదిరా? మొదటిది కొడవలి మాదిరి వంకరగా ఉండాది. దాని పక్కది... రెండు కట్టెలు ఆనిచ్చినట్ల."

మూడుసార్లు ఊహించి కొట్టాడు. మూడూ తప్పే. సైటు మూసుకుంది.

మర్నాడు సవిత అతని చెయ్యి పట్టుకుని ఊళ్లోని సేవాకేంద్రానికి తీసుకెళ్లింది. అక్కడ పనిచేసే భీమేష్ "సర్వర్ ఇల్లప్పా, నాళె బా" అని, సర్వర్ లేదు రేపు రమ్మని కన్నడంలో చెప్పి పంపేశాడు. మర్నాడూ అదే మాట. మూడోరోజు అర్జీ ఎక్కింది.

"డాక్టరు పరీక్షకు రెండు నెలల తర్వాత తారీకు ఇచ్చినారప్పా," అన్నాడు భీమేష్.

"ఈ నెల్లోనే కావల్లప్పా. ఇంకేదన్నా దారి ఉండాదా?" అన్నాడు సిద్దేశ్.

"తారీకులు నా చేతిలో లేవు కదప్పా."

నెలాఖరున సిద్దేశే కంపెనీకి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

"ఏమన్నారు?" అంది సవిత.

"వేరేవాళ్లు దొరికినారంట."

"ఇంకో కంపెనీ ఉంటాదిలేరా."

సవిత వంటింట్లోకి వెళ్లింది. సిద్దేశ్ ఫోన్‌ను చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు. అవతలివాళ్లు ఎప్పుడో పెట్టేశారు.