నిండిన కాగితం

ఆ పొద్దు కాటమయ్య చేతిలో ఉన్నవి ఒక కలం, అడుగంటిన సిరాబుడ్డి, అట్ట ఊడిన ఇంగ్లీషు వ్యాకరణం, జనగామ కచేరీ ముందు ముప్పయ్యేళ్లు ఉర్దూ అర్జీలు రాసిన అనుభవం. నైజాం పోయి యూనియన్ మిలిటరీ దిగినప్పటి నుంచి ఆ చివరి సరుకుకు గిరాకీ లేదు. మిలిటరీ క్యాంపు ఆఫీసరు ఇంగ్లీషు కాగితం తప్ప ముట్టడు. అందుకే యాభై దాటాక, కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, మళ్లీ పాఠాలు మొదలుపెట్టాడు.

ఈ వారం పాఠం మాటల మోతాదు. జబ్బు అనే మాటకు ముందు ‘వెరీ’ పెడితే తక్కెడ మొగ్గుతుంది. ‘టూ’ పెడితే బస్తా పిగిలిపోతుంది, ఇక పనికిరాదు. ‘ఇనఫ్’ మాత్రం మాట వెనకాల నిలబడి, సరిపోయింది అంటుంది. అదే అతనికి ఎక్కలేదు. అర్జీలో సరిపోవడం ఎక్కడిది?

తెల్లారేసరికే కొడకండ్ల నుంచి బుచ్చవ్వ వచ్చింది. దొరల మీద తిరగబడ్డ సంఘం మనుషులకు గంజి పోశాడని ఆమె కొడుకు సంజీవను క్యాంపులో పెట్టి ఇరవై రోజులైంది.

"నిన్న కంచె సందుల చెయ్యి వెట్టి చూసిన అన్నా. జరంతోని పిలగాని ఒంటి మీద పేలాలు ఏగుతయి. దవాఖానకు తోలుమని రాయి."

చాలా జబ్బుగా ఉన్నాడు, దవాఖానకు పంపండి అని అతను ఒక్క వరుస రాశాడు. ఆమె కాగితం కేసి చూసింది.

"గంతేనా? ఇంత జాగ ఉత్తగనే ఉన్నది. నా కొడుకు పానం గింతేనా?"

పాత కచేరీలో ఖాళీ వదిలిన అర్జీ అంటే అధికారికి అవమానం. కాగితం అంచుదాకా నిండాలి. "నిజమే అవ్వా," అని కాటమయ్య ఆ కాగితాన్ని సిరాబుడ్డి కింద పెట్టి కొత్తది తీశాడు. ‘వెరీ’ మీద ‘వెరీ’ పేర్చాడు. కొట్టేశాడు. ఒకసారి పుస్తకాన్ని నేలకేసి కొట్టి, దుమ్ము దులిపి మళ్లీ అందుకున్నాడు. కాగితం నిండేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

క్యాంపు గేటు దగ్గర దుబాసీ శ్రీపాల్ దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏందన్నా, రామాయణం రాసినవ్? జబ్బని ఒక్క ముక్క పొద్దుగాల తెస్తే సారు ఆపుతుండె. ఖైదీల లారీ ఎల్లిపోయింది."

"ఏడికి?"

"మాకు చెప్తరా? పిలగాణ్ని ఇద్దరు పట్టి ఎక్కిచ్చిన్రు."

బుచ్చవ్వ నిండిన కాగితాన్ని అడిగి తీసుకుని, కొంగున ముడేసుకుని, లారీ పోయిన బాటన నడిచింది.

కాటమయ్య తిరిగొచ్చి చెక్కపెట్టె ముందు కూర్చున్నాడు. ఆ రోజు రాబడి మూడు ఇంగ్లీషు మాటలు, ఇక మరచిపోడు. సిరా అయిపోయింది. ఖాళీ బుడ్డి కింద పొద్దుటి కాగితం అలాగే ఉంది. పైన ఒక్క వరుస, కిందంతా తెలుపు.