మా ఆయన కొలతలు

నాకు నోరెక్కువ. ఈ మాట ఒప్పుకున్నది ఈమధ్యనే. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో మా ఆయన ఏం చేసినా వంక పెట్టాను. గ్లాసు కడిగితే మచ్చ, తలుపేస్తే చప్పుడు, ఊరికే నవ్వితే ఎందుకా నవ్వు. ఆయన బస్టాండులో టికెట్ కౌంటర్ గుమాస్తా. పగలంతా జనం అరుపులు విని ఇంటికొస్తే ఇక్కడ నా అరుపులు. "అక్కడ నయమే, మధ్యలో అద్దం ఉంటుంది," అనేవారు. నాకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టిందీ ఆయనే.

నాది కుట్టుపని. ఇంటి ముందుగదిలోనే మెషిను. కొత్త బట్టలు తక్కువ, సరిచేసేవే ఎక్కువ. లావైనవాళ్ళకి కుట్లు విప్పుతాను, సన్నబడ్డవాళ్ళకి లోపలికి కుడతాను. ఎవరు ఎప్పుడు ఏ కొలతకొచ్చారో నా పుస్తకంలో తారీఖుతో సహా రాసుంటుంది.

కిందటేడు ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేయించారు. మా ఆయనకి కొలెస్ట్రాల్ రెండొందల తొంభై రెండు. మహానుభావుడు ఆ కాగితం మడిచి చొక్కా జేబులో దాచేశారు. చొక్కా ఉతికేది ఎవరు? నేనే కదా! కాగితం చదివి అక్కడే, నీళ్ళ బకెట్ పక్కనే కూలబడ్డాను. మా నాన్న గుండెపోటుతో పోయేనాటికి ఆయనకి యాభై. మా అమ్మ ఆ తర్వాత ఎలా బతికిందో చూసినదాన్ని. నా మొగుణ్ణి అలా పోనివ్వకూడదు, అంతే. ఆ రోజు నుంచీ నాకు వేరే ఆలోచన లేదు.

డాక్టరమ్మ గారి దగ్గరికి లాక్కెళ్ళాను. మాత్రలు రాసిచ్చి, "తిండి మార్చండి, రోజూ నడిపించండి, మూడు నెలలకోసారి తీసుకొచ్చి చూపించండి," అన్నారు.

ఇంక చూస్కోండి. వెన్న, జున్ను, వేపుళ్ళు అన్నీ బంద్. కూరలు ఉడికించడమే, నూనె చెంచాతో కొలిచి వెయ్యడమే. పొద్దున్నే పార్కు చుట్టూ ఆరు చుట్లు. "దొంగల్ని కూడా ఇంత నడిపించరే బాబూ," అని గొణుగుతూ నా వెనకాల వచ్చేవారు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తే మీసానికి కేకు ముక్క. "ఎవరో పుట్టినరోజని ఇచ్చారు," అన్నారు. వారంలో అది మూడో పుట్టినరోజు! వీధి చివరిదాకా వినబడేలా కడిగేశాను.

మూడు నెలలకి నడుం నలభై నుంచి ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. పరీక్షలో రెండొందల ఇరవై ఎనిమిది. డాక్టరమ్మ మెచ్చుకున్నారు. ఆ తర్వాత అక్కడే ఆగిపోయింది. నెలన్నర నేను ఎంత మొత్తుకున్నా అంగుళం కదల్లేదు.

తర్వాత ఏమైందో ఏమో, మనిషి ఒక్కసారిగా మారిపోయారు. ఓ పూట కంచంలో సగం వదిలేసి, "చాలే," అన్నారు. నా చెవుల్ని నేనే నమ్మలేదు. మర్నాడూ అంతే. వాళ్ళ అక్క కేకు చేసి తెస్తే ముట్టుకోకుండా పక్కకి జరిపేశారు. నాకు ఎంత ముచ్చటేసిందంటే, ఆవిడ ముందే ఆయన తల నిమిరి, "నా బంగారం," అన్నాను. ఆయన చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డారు.

అప్పట్నుంచి ఇల్లు ఇల్లులా ఉండేది కాదు, పెళ్ళయిన కొత్తలా ఉండేది. నేను తిట్టడం మానేశాను. తిట్టడానికి ఏముంది? ముప్ఫై ఆరు, ముప్ఫై అయిదు, ముప్ఫై మూడు. ప్యాంట్లన్నీ విప్పి కుట్టాను. బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ పుస్తకంలో ఆయన పేజీ తీసి చూపించాను. మళ్ళీ మూడు నెలలు దాటాయి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. తర్వాత వెళ్దాంలే, కొలత నా చేతిలోనే ఉందిగా అనుకున్నాను.

చొక్కా భుజాలు కూడా జారడం మొదలుపెట్టాయి. ఇక్కడే నన్ను చెప్పుతో కొట్టాలి. పాతికేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నదాన్ని. తిండి తగ్గించి నడిచేవాళ్ళకి పొట్ట పోతుంది, నడుం పోతుంది. భుజం అంతలా పోదు. భుజం జారిందంటే ఒంట్లో కండ పోతోందని నాకు తెలుసు. జబ్బుపడి లేచినవాళ్ళ చొక్కాలు ఎన్ని సరిచెయ్యలేదు? తెలిసీ గుండుసూదులు పెట్టుకుని, పాటలు పాడుకుంటూ ఆ భుజాలు కూడా లోపలికి కుట్టేశాను.

వదినగారు ఒకసారి అననే అన్నారు. "మొహం పీక్కుపోయిందమ్మా వాడికి, ఓసారి చూపించరాదూ?"

"మీ తమ్ముడు బాగుపడుతుంటే ఓర్వలేకపోతున్నారా వదినా?" అన్నాను. ఆవిడ పాపం చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. పార్కులో రెండు చుట్లకే బెంచీ మీద కూర్చుని ఆయన పొట్ట పట్టుకుంటే, "గ్యాస్ అయ్యుంటుంది," అని నేనే తేల్చేశాను.

చివరికి పరీక్ష చేయిస్తే నూట నలభై ఎనిమిది! కాగితం ఒక చేతిలో, కొలతల పుస్తకం ఒక చేతిలో పట్టుకుని, బహుమతి తీసుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళాను. డాక్టరమ్మ కాగితం చూశారు. ఆయన్ని చూశారు. పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నారు.

"ఈ అయిదు అంగుళాలూ ఎన్నాళ్ళలో తగ్గాయి?"

"నాలుగు నెలలండీ," అన్నాను, ఎంతో గొప్పగా.

ఆవిడ నవ్వలేదు. ఆయన్ని పడుకోబెట్టి పొట్ట నొక్కితే, "అమ్మా," అని ముడుచుకుపోయారు. ఈసారి ఆవిడ నన్ను కాదు, ఆయన్ని అడిగారు. "తిండి సయిస్తోందా?"

ఆయన నా వైపు చూశారు. తప్పు చేసి దొరికిపోయిన మొహం. "రెండు ముద్దలకే కడుపు నిండిపోతుందండీ. ఇంకొంచెం తింటే కక్కేస్తాను. డ్యూటీలో కక్కేసి వస్తాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"అదే... ఆ నాలుగు నెలల నుంచే."

కడుపులో గడ్డ. కాలేయానికి కూడా పాకిందని వారంలో తేలింది. ముందే తీసుకొచ్చుంటే అని డాక్టరమ్మ తనంతట తాను అనలేదు, నేనే వదలకుండా అడిగి అనిపించాను. "అప్పుడైతే ఆపరేషన్ చేయగలిగేవాళ్ళమేమో," అన్నారు నెమ్మదిగా.

ఆసుపత్రి వరండాలో, జనం చూస్తున్నారని కూడా లేకుండా ఆయన మీద పడిపోయాను. "నోరు లేదా మీకు? కట్టుకున్నదాన్ని, నాకు చెప్పడానికేం? చచ్చిపోదామనుకున్నారా?"

ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "చెప్దామనే అనుకున్నానే. నేను కంచం వదిలేస్తే నువ్వు బంగారం అన్నావు. ఈ ఒక్కరోజు పోనీ, రేపు చెప్దాంలే అనుకున్నా. మర్నాడూ అన్నావు. నా వల్ల నువ్వు అంత సంతోషంగా ఉండటం ఎప్పుడూ చూళ్ళేదు నేను. ఇంక చెప్పబుద్ధి కాలేదు."

  ముప్ఫయ్యేళ్ళలో ఓ మంచి మాట అంటే, అది విందామని మనిషి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. అలాంటి మాట రోజుకొకటి చొప్పున ఎప్పట్నుంచో అనుంటే, మొదటిరోజే "కడుపులో నొప్పే" అని చెప్పుండేవారు.

ఆ తర్వాత ఆయన పదకొండు వారాలు ఉన్నారు. నేను ఒక్కరోజు కూడా కసురుకోలేదు. మెల్లిగా మాట్లాడాను, మెల్లిగా తుడిచాను, ఏం అడిగితే అది చేశాను. అడిగింది చేసి తెస్తే రెండు చెంచాలు కూడా దిగేది కాదు, అయినా ఏమీ అనలేదు. ఓ మధ్యాహ్నం నీళ్ళు తాగుతుంటే ఆయన చేతిలోంచి గ్లాసు జారి దుప్పటంతా తడిసింది. నేను చప్పుడు చెయ్యకుండా దుప్పటి మారుస్తున్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమే, ఒక్కసారి తిట్టవే," అన్నారు. "నువ్వు తిట్టకపోతే నాకు భయమేస్తోంది."

తిడదామని నోరు తెరిచాను. ఆయన నా మొహంలోకే చూస్తూ ఎదురుచూశారు. ఒక్క తిట్టూ రాలేదు నాకు.