గులాబీ అంటు పేజీ

మా తమ్ముడికి ఒక్క మాట చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. పత్రిక వెబ్‌సైటు చూసుకునేది నేను. వాడు అందులో వారం వారం కుండీ మొక్కల గురించి రాసేవాడు. పాత వ్యాసానికి లింకు ఇవ్వాలంటే అడ్రసు కాపీ చేసి అతికించకురా, జాబితాలోంచి ఆ పేజీనే ఎంచుకో, అప్పుడు లింకు పేజీ నంబరుకు ముడిపడుతుంది, రేపు పేరు మారినా విభాగం మారినా తెగదు అని ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"తెగితే కట్టడానికి నువ్వున్నావుగా అక్కా" అనేవాడు.

నేనున్నాను. వాడే లేడు. చలికాలంలో జ్వరమని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

అప్పటినుంచి అమ్మ ఫోనులో వాడి వ్యాసాలు చదువుతోంది. వెతకడం ఆమెకు రాదు. చివరి వ్యాసం తెరుస్తుంది, నీలం రంగు మాట మీద నొక్కుతుంది, అక్కడినుంచి ఇంకోదానికి వెళుతుంది. ఆమెకు తెలిసిన దారి అదొక్కటే.

ఈమధ్య సైటంతా మార్చారు. విభాగాలు కలిపేశారు, అడ్రసులన్నీ మారాయి. వాడు అతికించిన లింకులన్నీ టపటపా తెగిపోయాయి. "ఆ పాత వ్యాసాలు ఎవరు చదువుతారండీ, వదిలెయ్యండి" అన్నాడు మా ఎడిటరు. మా అమ్మ చదువుతుందయ్యా మహానుభావా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక ఒక్కొక్క లింకూ విప్పి పేజీ నంబరుకు కట్టాను. వాణ్ణి తిట్టుకుంటూనే కట్టాను. తిడుతున్నంతసేపూ వాడు పక్కన కూర్చున్నట్టే ఉండేది. అందుకే ఆ పనిని సాగదీశాను.

నిన్న అమ్మ ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. చివరి వ్యాసంలో చివరి లింకు, గులాబీకి అంటు కట్టడం గురించి. నొక్కితే ఈ పేజీ లేదని వస్తోంది.

"ఇదొక్కటి చదవకుండా దాచుకున్నానే. వాడిది ఒక్కటైనా మిగలాలని. ఇప్పుడు కిటికీలో గులాబీ ఎండిపోతోంది, కొమ్మ ఎక్కడ కొయ్యాలో చూద్దామంటే ఇది తెరుచుకోదు. మీ మార్పుల్లో నువ్వే ఎక్కడో పోగొట్టావు."

నాకు ఒళ్ళు మండింది. ఇంత చాకిరీ చేస్తే దక్కింది ఈ మాటా అనుకుంటూ అక్కడే కంప్యూటరు తెరిచి సైటు లోపలికి వెళ్ళాను.

ఆ లింకును నేను ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన పనే లేకపోయింది. వాడి వ్యాసాలన్నిటిలోనూ అదొక్కటే జాబితాలోంచి ఎంచుకున్నాడు. అచ్చం నేను చెప్పినట్టే, పేజీ నంబరుకు ముడివేసి ఉంది. ముందు పేజీ సృష్టించి, పేరు పెట్టి, లింకు ఇచ్చేసి, తరువాత తీరిగ్గా రాసి ప్రచురిద్దామనుకున్నాడు. మర్నాడే జ్వరం తగిలింది. ప్రచురించని పేజీ బయట చదివేవాళ్ళకు లేనట్టే. పేజీ పైన పేరుంది. కింద ఒక్క అక్షరం లేదు.

చివరికి నా మాట విన్నాడు, వెధవ. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ భయపడిపోయింది. "ఏమైందే? తెగిపోయిందా? నువ్వు కట్టలేవా?"

"కట్టడానికేం లేదమ్మా" అన్నాను. "ఇదొక్కటే వాడు సరిగ్గా కట్టాడు."