పొగాకు కొట్టంలో నెవెన పుస్తకం

వేసవి వచ్చిందంటే మా ఊరి పఠనమందిరంలోకి ఈగ కూడా రాదు. ఊరంతా పొగాకులో ఉంటుంది. తెల్లారకముందే కొండ మీది చేలకెళ్లి ఆకు కోస్తారు, ఎండెక్కాక ఇళ్ల వెనక కొట్టాల్లో చేరి, ఆరబెట్టడానికి ఆ ఆకును దబ్బనాలకు గుచ్చుతారు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ. జూన్‌లో సెలవులిచ్చేనాటికి గలగలా చదివిన పిల్లలు సెప్టెంబర్‌లో బడికొచ్చేసరికి మళ్లీ కూడబలుక్కుంటారు. టీచర్లు వాళ్ల బుర్రలను తిట్టిపోస్తారు. పాపం, బుర్రలదేం తప్పు? మందిరం తాళంచెవి నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఇలా జరగనివ్వనని నేను మొండికేశాను. ఇలియాన మొండికేస్తే మొగుడు కూడా పక్కకు తప్పుకుంటాడని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమే.

ఆ ఏడు నా ఆశంతా నెవెన మీద పెట్టుకున్నాను. రెండో తరగతి పూర్తయిన పిల్ల. ఏడాదంతా అక్షరాలను బండరాళ్లలా ఈడ్చింది. సెలవులకు ముందు దాని చేతికో పుస్తకం ఇచ్చాను. సరుకు పడవలో దాక్కుని, డాన్యూబ్ నది మీద తండ్రిని వెతుక్కుంటూ పోయే పిల్ల కథ. మర్నాడు నేను తాళం తీసేసరికే మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఆ పడవతను మంచోడా, చెడ్డోడా? అదొక్కటి చెప్పు పిన్నీ, చాలు."

"చెప్పను. చదువుకో," అన్నాను.

లోపలికెళ్లి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నాకంత సంతోషం కలిగి చాలాకాలమైంది. రుచి తగిలిన పిల్లే అలా అడుగుతుంది. కానీ ఆ రుచి ఇంకా లేతది, ఒక్క వేసవి నిర్లక్ష్యం చేస్తే ఎండిపోతుంది. అనుకున్నంతా అయింది. ఆకు కోత మొదలుకాగానే నెవెన రావడం మానేసింది. మందిరానికి తాళమేసి వాళ్లింటికి బయల్దేరాను.

వాళ్ల కొట్టంలో నలుగురైదుగురు ఆడవాళ్ల మధ్య నెవెన కూడా ఆకు గుచ్చుతోంది. అక్కడ పెత్తనమంతా దాని నానమ్మ రుస్కాది. నన్ను చూడగానే గడ్డంతో పైకి, గూట్లో ఉన్న పుస్తకం వైపు చూపించింది.

"అదిగో నీ పుస్తకం, పట్టుకుపో. ఇక్కడ ఆకు వాడిపోతోంది."

"పిల్లను కాసేపు చదువుకోనీ, రుస్కా అత్తా."

"చదువుకోవడానికి బడుంది. దానికి సెలవులిచ్చారు. నోరు మూసుకుని కాగితం చూస్తూ కూర్చోడాన్ని మా ఇంట్లో సోమరితనం అంటారు."

పక్కింటి దోనా కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది. రుస్కాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అందుకే వాదన మాని బేరం పెట్టాను.

"అయితే నోరు తెరిచే చదువుతుంది. మీరు గుచ్చండి, అది వినిపిస్తుంది."

"మరి దాని ఆకు ఎవరు గుచ్చుతారు?"

"నేను."

పొగాకు బంక పట్టిన చేత్తో పుస్తకం ముట్టుకోనివ్వనని నెవెనకు ముందే చెప్పాను. చదివితే గుచ్చడం కుదరదు, గుచ్చితే చదవడం కుదరదు. దాన్ని చేతులు కడుక్కుని రమ్మని, దాని దబ్బనం నేను తీసుకుని కింద కూర్చున్నాను.

"వినిపించనీలే అత్తా," అంది దోనా. "నీ మోకాళ్ల నొప్పుల కథ విని విని మా చెవులు తుప్పు పట్టాయి."

రుస్కా దాన్ని కొరకొరా చూసి, నావైపు తిరిగింది. "పొద్దుగూకేలోగా ఈ ఆకు గుట్టంతా అవ్వాలి. ఆకు మిగిలిందా, పుస్తకం నీ మందిరానికి, పిల్ల నా కొట్టానికి. మళ్లీ ఈ ఊసెత్తకు."

నెవెన మొదలుపెట్టింది. ఒక్కో మాట దగ్గరా ఆగి, వెనక్కెళ్లి, మళ్లీ ఎత్తుకుంటోంది.

"ఇలా అయితే ఆ పడవ మన మనవలు పెద్దయ్యాకే ఒడ్డు చేరుతుంది," అంది దోనా. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. దోనా కాలు మీద ఒక్కటి తన్నాను. అది నోరు మూసుకుంది.

కాసేపటికి కథే పిల్లను లాక్కుపోయింది. కథలో, రేవు అధికారి ఒకడు పడవెక్కాడు. చేతిలో ఇనప ఊచ. గోతాలను ఒక్కొక్కటే పొడుస్తూ, పిల్ల దాక్కున్న గోతం వైపు వస్తున్నాడు. కొట్టంలో చప్పుడు లేదు. నాకు అప్పుడు తెలిసింది, దబ్బనాల చప్పుడు కూడా లేదని. దోనా ఆకు పట్టుకుని నోరు తెరుచుకుని ఉంది. నా చెయ్యీ గాల్లోనే ఉంది.

రుస్కా గుట్ట వైపు చూసింది. "అనుకున్నా. గుట్ట గుట్టలాగే ఉంది. చాల్లే, లే."

మంచి కథ వింటే చేతులు ఆగిపోతాయని, ఇన్నేళ్లు పుస్తకాల మధ్య బతికిన నాకు తట్టకపోవడమేమిటి? పనిగట్టుకుని వచ్చి పిల్ల పుట్టి ముంచాననుకున్నాను.

నెవెన లేవలేదు. పుస్తకంలో వేలు పెట్టి మూసింది.

"దబ్బనాలు ఆగితే నేనూ ఆగుతా," అంది.

"ఏమన్నావే?" అంది రుస్కా.

"మీరు గుచ్చితేనే చదువుతా, నానమ్మా. చేతులాగాయంటే ఊచ దిగిందో లేదో చెప్పను."

పిట్ట కొంచెం, కూత ఘనం. ముందు దోనా గబుక్కున ఆకు అందుకుంది. తర్వాత మిగతా ఆడవాళ్లు. ఆ పూట మేం గుచ్చినట్టు ఆ కొట్టంలో ఎవరూ ఎప్పుడూ గుచ్చి ఉండరు. ఎవరి చెయ్యి నెమ్మదించినా పక్కవాళ్లు మోచేత్తో పొడిచారు. ఎండ ఇంకా గోడ మీద ఉండగానే గుట్ట అయిపోయింది. రుస్కా మెచ్చుకోలేదు. కానీ మర్నాడు చేలోంచి రాగానే పచ్చి టమాటా కోసి, ఆ పులుపు రసంతో మనవరాలి చేతుల బంక తనే రుద్ది రుద్ది వదలగొట్టింది. రోజూ అలాగే చేసింది.

రోజులు గడిచేకొద్దీ నెవెన తడబాటు పోయింది. ఒక మధ్యాహ్నం కథ చివరికొచ్చింది. పడవ తండ్రి ఉన్న ఊరి రేవుకు చేరుతోంది. అక్కడ నెవెన గొంతు తగ్గింది. గొణుగుడైంది. తర్వాత అదీ ఆగిపోయింది. దబ్బనాలు ఆడుతూనే ఉన్నాయి. చూస్తే, దాని పెదవులు కూడా కదలడం లేదు. కళ్లు మాత్రం వరస వెంట వరస పరుగెడుతున్నాయి. పేజీ తిప్పింది.

"ఏయ్ నెవెనా, గొంతేమైంది? తండ్రి దొరికాడా లేదా?" అంది దోనా.

పిల్లకు వినబడలేదు. అసలు ఆ కొట్టంలోనే లేదు. ఏడాదంతా నేను కోరుకున్నది నా కళ్ల ముందే జరుగుతోంది. రుస్కా సోమరితనం అన్నది కూడా సరిగ్గా ఇదే. ఇప్పుడు కసిరి లేపిందంటే, ఈ పిల్ల ఇంకెప్పుడూ నోరు మూసుకుని పుస్తకం పట్టుకోదు.

దోనా పిల్ల భుజం కుదపబోయింది. రుస్కా దబ్బనం అడ్డం పెట్టింది.

"ముట్టుకోకు."

"మరి మన కథ, అత్తా?"

"కథెక్కడికీ పోదు. అది చదువుకుంటోంది, కనబడట్లా?"

దోనా ఇంకేదో అనబోతే వేలు చూపించింది. తర్వాత, కొండ అవతలి మేకలను కూడా ఒక్క కేకతో మళ్లించే రుస్కా, మా వైపు వంగి గుసగుసగా అంది.

"మెల్లగా గుచ్చండి. ఆకు చప్పుడవుతోంది."

నా కళ్లు నిండాయి. చేతుల నిండా బంక, తుడుచుకోవడానికి లేదు. తండ్రి దొరికాడో లేదో తెలియకుండానే, మేమంతా ఆకు చప్పుడు కాకుండా గుచ్చుతూ కూర్చున్నాం.