మైకా ముక్క

"ఏలెట్టి సూడే, కాల్తందా?" అన్నాడు మా ఆయన సత్యం.

చేపలు తోముతున్న చెయ్యి కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళాను. అదే మా రేడియో రిపేరు షాపు. బల్లమీద అల్యూమినియం పెట్టెలో కొత్త పవర్ సప్లై నడుస్తోంది. లోపల కరెంటుని నిలకడగా ఉంచే రెగ్యులేటర్లు రెండు, ప్లస్‌కొకటి, మైనస్‌కొకటి, గోరంత నల్లముక్కలు. వాటి వేడి పెట్టెలోకి దిగేందుకు ఒక్కోదానికి వెనకాల ఒక లోహపు రెక్క ఉంటుంది. కుడిపక్క రెక్కమీద వేలు పెట్టాను. చురుక్కుమంది.

"మూడు లెక్కెట్టీదాకా తియ్యకు."

లెక్కపెట్టాను. ఐదేళ్ళుగా ఈ షాపులో థర్మామీటరు నా చూపుడువేలే. బొబ్బ చూపిస్తే అత్త నారాయణమ్మ, "పెనం మీద అట్లు తిప్పే సెయ్యికి కొత్తగా కాల్తాదేటి?" అనేది. తల్లీకొడుకులు నవ్వుకునేవారు.

ఆ పవర్ సప్లై చేసింది నేను. పాతపోస్టాఫీసు వీధిలో మా షాపుకొచ్చే ప్రతి సెట్టూ బాగుచేసేది నేనే. ఇంటర్లో చదివిన ఫిజిక్సుకి, విడిభాగాల డబ్బాల్లో దొరికిన కాగితాలు తోడయ్యాయి. అయితే ఎవరైనా షాపులోకి అడుగుపెడితే నేను పరదా వెనక్కి తప్పుకోవాలి. "మా ఇంటిదానికి ఫ్యూజు మార్సడం కూడా రాదండి" అని ఆయన చెబుతుంటే, వేడి సోల్డరింగ్ ఐరన్ చేత్తో పట్టుకుని, పొగ బయటికి పోకుండా కొంగు అడ్డం పెట్టుకుని, దగ్గు ఆపుకుంటూ ఎన్నిసార్లు నిలబడ్డానో.

ఆ మధ్యాహ్నం గాజువాక నుంచి గంగరాజు మాష్టారు రావాలి. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగాలకి ఎదురుచూసే కుర్రాళ్ళకి ఎలక్ట్రానిక్సు నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఆయనది. కొత్తవాళ్ళకి పాఠం చెప్పే మనిషి కావాలి. ప్లస్, మైనస్ రెండూ ఇచ్చే పవర్ సప్లై చేసి చూపించినవాళ్ళకే ఉద్యోగం. సత్యం అప్పుడే వీధంతా తిరిగి తనకొచ్చేసిందని చెప్పుకున్నాడు.

"ఒకదాని కింద ఏదో పొరుంది, రెండోదానికి లేదేటి?" అన్నాడు పెట్టెలోకి వంగి.

"అది మైకా అండి, కరెంటుని ఆపీ పొర. మైనస్ దాని రెక్కకి కరెంటుంతాది, పెట్టెకి తగల్నీకూడదు. ప్లస్ దాని రెక్కా, పెట్టే రెండూ ఎర్తే. తగిలినా ఏటవదు."

"కవలపిల్లల్లాగున్నాయి. ఒకదానికుండీది ఒకదానికుండదా? ఆ పొర అడ్డెట్టీబట్టే వేడి దిగట్లేదు. డైరెక్టుగా పెట్టెకి తగలాల."

అందులో సగం నిజముంది. మైకా ఉంటే వేడి కాస్త నెమ్మదిగానే దిగుతుంది. ఆ సగంతోనే ఆయన స్విచ్చి కట్టేసి స్క్రూ విప్పాడు. మైకా ముక్కనీ, ప్లాస్టిక్ వాషర్నీ కింద పారేశాడు.

"వద్దండీ, కాలిపోద్ది!" చెయ్యి పట్టుకున్నాను.

స్క్రూడ్రైవర్ పిడితో నా వేళ్ళ కణుపుల మీద కొట్టాడు. "షాపు నీదా, నాదా?"

"మొగుడి సెయ్యట్టుకుంతావేటే? అన్నం సూడు, పో" అంది అత్త.

వెళ్ళాను. గంజి వారుస్తూ అనుకున్నాను, మళ్ళీ వెళ్ళి చెప్పాలా అని. చెబితే ఇంకో దెబ్బ. కాళ్ళు పట్టుకుని ఒప్పిస్తే ఆయనకి ఉద్యోగం, నాకు రెట్టింపు చాకిరీ: పగలు రిపేర్లు, సాయంత్రం ఆయన అప్పజెప్పాల్సిన పాఠాలు రాసివ్వడం. కణుపులు వాస్తున్నాయి. గిన్నె బోర్లించి, చేపలకి ఉప్పు పట్టించడానికి కూర్చున్నాను.

మాష్టారు వచ్చారు. టీ ఇచ్చి పరదా వెనక్కి వెళ్ళాను.

"ఏదీ, ఆన్ చెయ్యండి" అన్నారాయన.

ఠప్! గదంతా పొగ. మాష్టారి చేతిలో కప్పు కింద పడింది.

"కాశీ! ఏటి సేసేవే?" సత్యం అరిచాడు. మాష్టారివైపు తిరిగాడు. "నాను సెయ్యలేదు సార్. మా ఆడది సేసింది. నా సేత్తో సేసుంటే ఇలగవుతాదా?"

"అవును బాబూ, ఈ ముండే! రోజంతా ఆ ఇనప్పుల్లట్టుకునే కూకుంతాది" అంది అత్త.

ఐదేళ్ళలో మొదటిసారి, పని నాదని ఇద్దరూ ఒప్పుకున్నారు. అదీ సాక్షి ఎదురుగా.

పరదా పక్కకి తప్పించి బయటికొచ్చాను.

"నువ్వే చేసేవా అమ్మా?"

"నానే సేసేనండి. ఈ షాపులో అన్నీ నానే సేత్తాను. ఈ స్క్రూ మాత్రం ఆయన బిగించేరు."

నేలమీద మైకా ముక్కా, వాషరూ వెతికి తీసి, మైనస్ దాని రెక్కకి మళ్ళీ బిగించాను. కాలిన డయోడ్లు, ఫ్యూజు మార్చాను. చేస్తూనే చెప్పాను: రెగ్యులేటరుకున్న మూడు కాళ్ళలో మధ్యకాలు, వెనక రెక్క ఒకటే లోహం. ప్లస్ దాంట్లో మధ్యకాలు ఎర్తు. మైనస్ దాంట్లో మధ్యకాలికి లోపలికొచ్చే కరెంటు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని నమ్మకూడదు, బిగించాక మీటరు పెట్టి చూడాలి. రెక్కకీ పెట్టెకీ మధ్య పెడితే మీటరు ముల్లు కదల్లేదు, రెండూ తగలట్లేదన్నమాట. స్విచ్చి వేశాను. ఇటు ప్లస్ పన్నెండు వోల్టులు, అటు మైనస్ పన్నెండు. చెబుతున్నంతసేపూ సత్యం గుమ్మంలో వీధివైపు తిరిగి బీడీ కాల్చుకున్నాడు.

"పాఠం చెప్పే మనిషి కావాలన్నాను. మగమనిషని అనలేదు" అన్నారు మాష్టారు. "సోమవారం రాగలవా?"

"ఇది ఎల్పోతే వంటెవులు సేత్తారు సార్?" సత్యం నవ్వాడు.

మాష్టారు నవ్వలేదు. నా జవాబు కోసం చూస్తున్నారు.

"వత్తానండి" అన్నాను.

సోమవారం పొద్దున్న సంచి భుజాన వేసుకుంటుంటే సత్యం అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. అరచేతిలో రెండు రెగ్యులేటర్లు. బల్లమీద ఎవరిదో ఆంప్లిఫయర్ నోరు తెరుచుకుని ఉంది.

"మైకా దేనికెట్టాల?" గొంతు తగ్గించి అడిగాడు.

"సెప్పి పోవే, నోరరిగిపోద్దా?" అంది అత్త.

చెప్పులేసుకున్నాను.

"ఇయ్యాల మొదటి పాఠం అదేనండి. ఫీజు కట్టి జేరండి, సెప్తాను."